మూడు నెలల సూది

ఆ ఏడాది రంజాన్ నెల వానల్లో వచ్చింది. లాల్‌గడి మలక్‌పేట్ ఊరి మీద పగలంతా మబ్బు కమ్మి ఉండడంతో నోరు ఎండేది కాదు, రోజా ఉండడం ఎవరికీ బరువనిపించలేదు. జబీన్ మాత్రం ఒక్క పుణ్యం కోసమే ఉపవాసం పట్టలేదు. ఆ సంగతి పైవాడికి తెలుసు, ఆమెకు తెలుసు. తెల్లవారకముందే అత్త వడ్డించే ఖిచిడీ సగం తిని సగం ప్లేటు అంచుకు నెట్టేది. సాయంత్రం ఇఫ్తార్‌కు ఒక ఖర్జూరం, గ్లాసెడు నీళ్ళు, నాలుగు పండ్ల ముక్కలు. వేడి వేడి మిర్చీలు ఎదురుగా పొగలు కక్కుతున్నా చెయ్యి చాచేది కాదు. నెల గడిచేసరికి ఒళ్ళు తీస్తుందని ఆశ.

నెల గడిచింది. ఈద్ కోసం తన కొలతలు తనే తీసుకుని, తన మిషన్ మీదే కుట్టుకున్న కొత్త కుర్తా పండగ పొద్దున వేసుకుంటే చంకల దగ్గర పట్టేసింది. మళ్ళీ విప్పి, లోపల వదిలిన గుడ్డ వరకూ కుట్లు ఊడదీసి వేసుకుంది. ఊళ్ళో ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టే మనిషి తన ఒంటికే కొలత తప్పింది.

పెళ్ళినాడు ఆమెను చూసినవాళ్ళు పిల్ల మరీ పుల్లలా ఉందన్నారు. ఇప్పుడు గడ్డం కింద మరో గడ్డం వచ్చింది. వేలికి బిగుసుకుపోయిన పెళ్ళి ఉంగరాన్ని షామీర్‌పేట్‌లో కంసాలి కత్తిరించి తీశాడు. ఆమె ఏం తింటోందో చూసే అత్తకే ఆశ్చర్యం. "గింత తిండికి గంత ఒళ్ళా" అనేది. కారణం ఏమిటో జబీన్‌కు తెలుసు. చెప్పే వీలు లేదు.

మూడేళ్ళ క్రితం కూతురు ఫర్హత్ పుట్టినప్పుడు జబీన్‌కు నెత్తురు ఆగలేదు. ఆస్పత్రిలో సీసా మీద సీసా ఎక్కించారు. ఆమె భర్త సోహైల్ చెప్పులు ఎక్కడో పారేసుకుని, ఉత్త కాళ్ళతో వరండాలో అటూ ఇటూ తిరిగాడు. బతికి బయటపడ్డాక డాక్టర్లు ఒక్క మాట చెప్పారు: ఒంట్లో రక్తం మళ్ళీ పట్టేదాకా, కొన్నేళ్ళ పాటు ఇంకో కానుపు మాట తలపెట్టొద్దని. ఆ మాట సోహైల్ గుండెలో పడిపోయింది. కానీ తల్లి అజ్మతున్నీసాకు చెప్పే ధైర్యం అతనికి లేకపోయింది. ఆమె నలుగురిని కని ముగ్గురిని మట్టిలో పెట్టిన మనిషి. మిగిలింది సోహైల్ ఒక్కడే. ఇచ్చేది అల్లా అయినప్పుడు వద్దనడానికి మనమెవరం, అది గునా, పాపం అని ఆమె నమ్మకం. సిమెంటు, పైపులు అమ్మే షాపులో మేస్త్రీల మీద గట్టిగా అరిచే సోహైల్ తల్లి ముందు నోరెత్తి ఎరగడు.

అందుకని మేడ్చల్‌లో డాక్టర్ సుశీల దగ్గరికి తీసుకెళ్ళాడు. మాత్రలు ఇంట్లో దాచలేరు. అజ్మతున్నీసా చెయ్యి సోకని డబ్బా గానీ, దులపని దిండు గానీ ఆ ఇంట్లో లేదు. కాపర్-టి అంటే జబీన్‌కు అప్పట్లో భయం. ఇక మిగిలింది మూడు నెలలకొకసారి వేసే సూది. దానికి చీటీ ఉండదు, మాత్ర ఉండదు, ఆనవాలు ఉండదు. కొందరికి నెలసరి ఆగిపోవచ్చు, కొందరికి బరువు పెరగవచ్చు అని డాక్టరమ్మ చెప్పింది. చావు తప్పి వచ్చిన వాళ్ళకు అవి లెక్కలోకి రాలేదు. తిరిగి వచ్చేటప్పుడు సోహైల్ తోవలో బండి ఆపి, ఒళ్ళో పిల్ల తల మీద ఆమె చెయ్యి పెట్టించాడు.

"అమ్మీకి చెప్పనని ఒట్టెయ్" అన్నాడు.

వేసింది. అప్పుడా ఒట్టు పిల్ల తల కన్నా బరువనిపించలేదు. పుట్టిల్లు మేడ్చల్‌లోనే కాబట్టి, తల్లిని చూసొస్తానంటే అత్త ఎన్నడూ ఎందుకని అడగలేదు.

రంజాన్‌కు ముందు ఎండాకాలంలో అజ్మతున్నీసాయే కోడలిని పొద్దున నడకకు పంపేది. ఊరి చివర కొత్త కాలనీలో కామేశ్వరి అని ఒకావిడ ఉండేది. భీమవరం వైపు నుంచి వచ్చినవాళ్ళు, భర్తకు సిటీలో ఉద్యోగం. జాకెట్లన్నీ జబీన్ దగ్గరే కుట్టించుకునేది. ప్లాట్ల మధ్య వేసిన కంకర రోడ్ల మీద ఇద్దరూ చెమటలు కక్కుతూ నడిచేవారు. ఒకరోజు కామేశ్వరి ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని ఆమెను పరకాయించి చూసింది.

"జబీన్, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. పిల్లలు పుట్టకుండా ఏమైనా వాడుతున్నావా? మా చెల్లెలికి అచ్చం ఇలాగే అయింది. పచ్చి మంచినీళ్ళు తాగినా ఒళ్ళు వచ్చేసేది. డాక్టరు మార్చి ఇచ్చాక గానీ తగ్గలేదు."

జబీన్ నాలుక చివరిదాకా మాట వచ్చింది. మూడేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడ. కానీ ఆవిడ జాకెట్లు తీసుకోవడానికి ఇంటికి వస్తుంది, అత్తతో గంటసేపు కూర్చుంటుంది, మనసులో మాట దాచుకునే స్వభావం కాదు.

"లే ఆంటీ. మా ఇండ్ల అసొంటియి నడ్వయి" అంది.

"అయితే థైరాయిడ్ చూపించుకో" అని కామేశ్వరి నడక సాగించింది. జబీన్ వెనకే నడిచింది. తలుపు తానే గడియ పెట్టుకుని, లోపల తానే ఊపిరాడక కూర్చున్నట్టనిపించింది ఆమెకు.

ఈద్ అయిన మర్నాడు, వచ్చినవాళ్ళందరూ పోయాక, అజ్మతున్నీసా వంటింటి గడప మీద కూర్చుని కోడలిని పిలిచింది. ఫర్హత్ మిగిలిన షీర్ ఖుర్మా గిన్నె నాకుతోంది. షాపుకు పోబోతూ సోహైల్ గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటున్నాడు.

"దుల్హన్, ఇటు కూసో. అందరు నెలవంకను జూసిన్రు. నేను నిన్ను జూసిన. ముప్పై రోజాలు నాగా లేకుండ ఉన్నవ్. ఒక్క నమాజు తప్పలె."

ఆమె మాట ఎటు పోతోందో జబీన్‌కు వెంటనే అర్థం కాలేదు. తర్వాత తట్టింది. నెలలో ఆ కొన్ని దినాలు ఆడదానికి రోజా ఉండదు, నమాజు ఉండదు. సూది పుణ్యమాని ఆమెకు ఆ దినాలే రావడం లేదు. ఏడాదిగా ఆ సంగతి కప్పిపుచ్చుతూ అప్పుడప్పుడు నమాజు చేసే జానిమాజ్ పరవకుండా తప్పించుకునేది. బరువు తగ్గాలన్న ధ్యాసలో పడి ఈ నెల ఆ జాగ్రత్తే మరచిపోయింది.

"ముఖం నిండింది, నడుం నిండింది" అంటూ అజ్మతున్నీసా ఆమె పొట్ట మీద చెయ్యి వేసింది. "నాకెందుకు జెప్పలె? దిష్టి తగుల్తదనా? నీ అత్తను నేను, నా దిష్టి గూడ తగుల్తదా?"

అత్త కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జబీన్ భర్త వైపు చూసింది. సోహైల్ బూటు లేసు ముడి వేస్తూనే ఉన్నాడు. వేసిన ముడి విప్పి మళ్ళీ వేశాడు. తర్వాత లేచి, "షాపుకు లోడొస్తాంది అమ్మీ" అని వెళ్ళిపోయాడు.

కాదని అనడానికి జబీన్‌కు ఒక్క క్షణం దొరికింది. కాదంటే మరి నెలసరి ఏమైందని అడుగుతుంది. డాక్టర్ దగ్గరికి తీసుకుపోతుంది. ఆ క్షణం అలా జారిపోయింది. ఆమె తల వంచుకుంటే అత్త దాన్ని సిగ్గు అనుకుంది.

ఇక ఆ ఇంట్లో ఆమెను బిందె ఎత్తనివ్వలేదు. బావి నీళ్ళు అత్తే చేదేది. కుట్టు మిషన్ తొక్కితే నడుం పట్టుకుంటుందని దాని మీద దుప్పటి కప్పేసింది. బాదం నానబెట్టి, తొక్క తీసి, పాలలో నూరి నోటి దాకా తెచ్చేది. వద్దంటే, "నీ కోసం కాదు" అనేది నవ్వుతూ. నిన్నటిదాకా ఒక్కో ముద్దా లెక్కపెట్టిన చెయ్యే ఇప్పుడు బతిమాలి తినిపిస్తోంటే జబీన్‌కు గొంతు దిగేది కాదు. ఒళ్ళు ఇంకా వచ్చింది. వచ్చిన ప్రతి అంగుళాన్నీ అత్త ఆనందంగా చూసుకునేది. బౌరంపేట్‌లో ఉండే తన చెల్లెలికి ఫోన్ చేసి చెప్పింది. ఆ చెల్లెలు ఇద్దరు కోడళ్ళను వెంటబెట్టుకుని మిఠాయి పెట్టెతో వచ్చింది.

వాళ్ళు పోయిన మర్నాటి మధ్యాహ్నం జబీన్ బురఖా వేసుకుని టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని షాపుకు వెళ్ళింది. సిమెంటు బస్తాల వెనక, పైపుల సందులో సోహైల్‌ను నిలబెట్టింది.

"మీరు చెప్తరా, నన్ను చెప్పమంటరా?"

"ఇప్పుడెట్ల చెప్తం జబీన్. బౌరంపేట్ ఖాలాకు తెలిసిపోయింది. ఊరంత తెలిసింది. ఇప్పుడు చెప్తే అమ్మీ ముఖం ఎక్కడ పెట్టుకుంటది?"

"మరి నెలలు నిండుతయి. అప్పుడేం జూపిస్తం?"

అతను గల్లాపెట్టె వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు, ఆమె వైపు తప్ప అన్ని వైపులా చూశాడు. చివరికి చిన్న గొంతుతో అన్నాడు.

"పడిపోయిందని చెప్పు."

"ఏం పడిపోయింది?"

అతను ఒక పైపును గోడ వైపు జరిపాడు.

"లేనిది ఎట్ల పడిపోతది? చెప్పుండ్రి."

"ఆడోళ్ళకు అయితది గదా అట్ల. ఎవ్వలు అడ్గరు. నాలుగు దినాలు పండుకో, అయిపోతది." నేల చూస్తూ, "నీకు నేను బాగనే ఉండాల్నని జేసిన గదా ఇదంత" అన్నాడు. అది అబద్ధం కాదు. ఆమెను బతికించుకోవాలనే చేశాడు. అందుకే అతని మీద మనసారా కోపం తెచ్చుకోవడానికి కూడా ఆమెకు దారి లేకపోయింది.

ఆమె ఆ మాట చెప్పింది. పుట్టింటికి వెళ్ళొచ్చి, కడుపు పట్టుకుని మంచం ఎక్కి చెప్పింది. అజ్మతున్నీసా కోడలి కాళ్ళ దగ్గర కూర్చుని, దుప్పటి సర్ది, బయటికి వెళ్ళి గోడకు ఆనుకుని ఏడ్చింది. అదేమీ కేకలు పెట్టే ఏడుపు కాదు. మింగుతున్న కొద్దీ పొంగి వచ్చేది. కిటికీలోంచి జబీన్‌కు వినిపిస్తూనే ఉంది. సోహైల్ ఆ గోడ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నాలుగు రోజుల్లో అయిపోతుందన్నది అయిపోలేదు. నెత్తురు పోతున్నట్టు నటించాలి కాబట్టి నమాజు మానాలి. అజాన్ వినిపించినప్పుడల్లా అన్నీ బాగుండీ, చేయగలిగీ, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకోవడం జబీన్‌కు నరకమైంది. మనిషికి అబద్ధం చెప్పడం ఒక ఎత్తు, ఆ పైవాడు చూస్తుండగా ఈ నాటకం ఒక ఎత్తు. అత్త వాము, శొంఠి వేసి నెయ్యితో అచ్‌వానీ కాచి తాగించేది. నూనె వేడి చేసి నడుం పట్టేది. పడుతూ పడుతూ, తాను మట్టిలో పెట్టిన ముగ్గురి గురించి చెప్పేది. సోహైల్‌కు కూడా ఎప్పుడూ చెప్పని సంగతులు. ఒకరికి నెత్తి నిండా జుట్టు ఉండేదట. ఒకడు అచ్చం సోహైల్ లాగే ఒక కన్ను చిన్నగా చేసి చూసేవాడట.

"నీకెందుకు జెప్తున్న అంటే, నీకొక్కదానికే ఎర్కయితది గీ బాధ" అంది. జబీన్ దిండులో ముఖం దాచుకుంది.

లేచి తిరగడం మొదలుపెట్టాక అత్తకు కొత్త నమ్మకం కుదిరింది. ఒళ్ళు వచ్చి, కొవ్వు పట్టి గర్భం నిలవలేదని. ఇక పాలు, బాదం బందయ్యాయి. పొద్దున జీలకర్ర నీళ్ళు, మధ్యాహ్నం ఉలవకట్టు, రాత్రి ఒక జొన్నరొట్టె. అల్వాల్ నుంచి ఎవరో హకీమ్ ఇచ్చిన చేదు పొడి. జబీన్ అన్నీ మింగింది. ఇంటి చుట్టూ తిరిగింది, కామేశ్వరితో కాలనీ అంతా తిరిగింది. ఒళ్ళు కదలలేదు. కోడలికి కడుపు నిలవాలని అజ్మతున్నీసా కూడా సోమవారం, గురువారం రోజా ఉంటానని మొక్కుకుంది. ఆమెకు షుగర్. ఎవరు వద్దన్నా వినలేదు.

ఒక గురువారం మధ్యాహ్నం చేదబావి దగ్గర దబ్బున చప్పుడైంది. జబీన్ పరుగెత్తేసరికి అత్త తడి రాళ్ళ మీద పక్కకు ఒరిగి పడి ఉంది, ఒంటి నిండా చెమట, చూపు ఎక్కడో ఉంది. ఫర్హత్ "దాదీ, దాదీ" అంటూ కొంగు లాగుతోంది. జబీన్ చక్కెర నీళ్ళు కలిపి నోట్లో పోసింది. రోజా అంటూ ఆమె పళ్ళు బిగించింది. బలవంతంగా తాగించి, లోపలికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టింది. కాసేపటికి ముఖానికి రంగు వచ్చింది.

"రోజా ఇర్గొట్టినవ్ దుల్హన్" అంది నీరసంగా. "సోమారం మల్ల ఉంట."

అప్పుడు జబీన్ చెప్పేసింది. ముందు అనుకుని చెప్పలేదు. ఆమె మళ్ళీ ఉంటాననడం విని మాట దానంతట అదే బయటపడింది. సూది సంగతి, మేడ్చల్ సంగతి, నెలలు ఆగిపోయిన సంగతి, ఒళ్ళు ఎందుకు వచ్చిందో, ఎందుకు తగ్గదో, అన్నీ చెప్పింది. కడుపే లేదని, పడిపోయిందీ ఏమీ లేదని చెప్పింది.

అజ్మతున్నీసా పైకప్పు నుంచి చూపు తిప్పకుండా అడిగింది.

"సోహైల్‌కు ఎర్కేనా?"

"ఆయనే తోల్కపోయిండు అమ్మీ."

"గోడకాడ నేను ఏడుస్తుంటే జూసిండా?"

"జూసిండు."

ఆమె గోడ వైపు తిరిగింది. జబీన్ కాళ్ళు పట్టుకోబోతే కాళ్ళు ముడుచుకుంది. సాయంత్రం కొడుకు వచ్చాక అతన్ని పిలిచి ఒక్క మాటే అడిగింది. "నా బిడ్డలు పోయినప్పుడు ఏడ్సిన ఏడుపు లేని బిడ్డకు ఏడ్పిచ్చినవ్ గదరా." సోహైల్ ఆమె మంచం పట్టె మీద తల పెట్టాడు. ఆమె చెయ్యి అతని తల మీదికి రాలేదు. తర్వాత చాలా రోజులు అతనితో మాట్లాడలేదు. ఏం కావాలన్నా, "మీ నాయినకు జెప్పు" అని ఫర్హత్‌తో చెప్పించేది. అతను ఇంటికి త్వరగా వచ్చి, తల్లి కూర్చున్న గదిలోనే ఒక మూల కూర్చుని, మాట కోసం కాచుకుని లేచిపోయేవాడు.

సూది వేయించుకోవాల్సిన రోజు దగ్గరికి వచ్చింది. జబీన్ ఎవరినీ అడగలేక, చెప్పలేక తిరుగుతుంటే అజ్మతున్నీసా బురఖా తొడుక్కుని గుమ్మంలో నిలబడింది. "నడువ్. నేను గూడ వస్త" అంది. ఇద్దరూ మేడ్చల్‌కు ఆటో ఎక్కారు.

డాక్టర్ సుశీల తన దగ్గరున్న పాత కాగితాలు చూసి, జబీన్‌ను తూకం ఎక్కించి నిట్టూర్చింది.

"సూదితోటి అందరు లావు గారు. కొందరికి మాత్రం ఇట్లనే అయితది. మూడేళ్ళల్ల ఇంత పెరిగిందంటే నీకు ఇది పడ్తలేదు. సూది నర్సుతోటి ఏయించుకుని పోతివి, ముందే నాకు చెప్పాల్సింది. బంద్ చేస్తే బరువు మెల్లగ దిగొచ్చు, జల్దీ మాత్రం కాదు."

"బిడ్డను కంటే సస్తదా ఇది?" అని అజ్మతున్నీసా సూటిగా అడిగింది.

"సస్తదని నేను అనను. అయితే మల్ల అట్లనే నెత్తురు పోతే అన్ని సార్లు దక్కుతదని కూడ అనను. ఒంట్ల రక్తం ఇంకా తక్కువనే ఉంది."

ముగ్గురిని మట్టిలో పెట్టిన తన చేతుల్ని అజ్మతున్నీసా చూసుకుంది. "గట్లయితే సూది వద్దు. ఇంకేదన్న పెట్టుండ్రి" అంది.

డాక్టర్ కాపర్-టి గురించి చెప్పింది. అందులో హార్మోన్ ఉండదని, కాకపోతే నెలసరి మళ్ళీ వస్తుందని, మొదట్లో కొంచెం ఎక్కువే పోవచ్చని, అందుకని రక్తానికి మాత్రలు ఇస్తానని, నెలనెలా చూపించుకోవాలని చెప్పింది. చెప్పి, జబీన్ వైపు తిరిగింది.

"నీకు ఇష్టమేనా అమ్మా?"

మొదటిసారి వచ్చినప్పుడు జవాబులన్నీ సోహైల్ చెప్పాడు. ఇప్పుడు అత్త చెబుతోంది. ఆ ప్రశ్న జబీన్ దాకా రావడం ఇదే మొదలు. భయం ఉందా అంటే ఉంది. కానీ సూది భయం అంతకన్నా పెద్దదైపోయింది.

"ఇష్టమే" అంది.

బయటికి వచ్చాక ఆటో కోసం నిలబడినప్పుడు అజ్మతున్నీసా రోడ్డు వైపు చూస్తూనే మాట్లాడింది. "మూడేండ్లు. అటెన్క తీపియ్యాలె. అల్లాకు నేను జవాబు జెప్పుకోవాలె. ఇంకో మాట. పడిపోయింది అన్నది పడిపోయిందే. ఊర్ల ఎవ్వలకు అసలు సంగతి తెల్వద్దు. నా చెల్లెలికి గూడ." జబీన్ తల ఊపింది. ఒట్టు వేయమని ఆమె అడగలేదు. అడగాల్సిన పని కూడా లేకపోయింది.

చలికాలం వచ్చేసరికి జబీన్ ముఖంలో ఎముకలు కొద్దిగా తేలాయి. నెలసరి మళ్ళీ మొదలైంది, నొప్పితో సహా. మిషన్ మీది దుప్పటి తీసేసి మళ్ళీ జాకెట్లు కుడుతోంది. అత్త ముందటిలా పక్కన కూర్చుని నోట్లో పెట్టడం లేదు. వడ్డించి లేచిపోతోంది. ఆ ఉలవకట్టు మాత్రం రోజూ పొయ్యి మీద ఉంటోంది, ఎవరూ తాగమని అనకపోయినా.

ఒక ఆదివారం బౌరంపేట్ ఖాలా మళ్ళీ వచ్చింది. జబీన్ చాయ్ తేగానే చెయ్యి పట్టుకుని ఆపి, "పాపం, పోయిన బిడ్డ పోయె. ఇప్పుడు ఒళ్ళు గూడ తీసింది. ఇగ మల్ల ఖుష్‌ఖబర్ ఎప్పుడు?" అంది.

జబీన్ రెండో చేత్తో కప్పులు దించింది. ఆ ఇంట్లో ఎన్నడూ లేని బిడ్డ అందరి నోళ్ళలో పెరుగుతూనే ఉంది. జవాబు ఆమె చెప్పాల్సిన అవసరం రాలేదు.

"దానికింక టైముంది" అంది అజ్మతున్నీసా, చెల్లెలి చేతిలోంచి కోడలి చేతిని విడిపిస్తూ. "చాయ్ సల్లబడ్తది, తాగు."

జబీన్ ఖాళీ పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వచ్చింది. బయట వాళ్ళిద్దరూ వేరే మాటల్లో పడ్డారు. ఆమె తలుపు చాటున కాసేపు నిలబడి, తర్వాత ఉలవకట్టు గిన్నె దించి, రొట్టెల పిండి కలపడానికి కూర్చుంది.